పదకొండు క్లిక్కులు

నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నింట్లోకీ పాడుపని క్లిక్కులు లెక్కబెట్టడం. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతాది.

తిరుపతి బస్టాండు దగ్గర మేడమీద గది మా ఆఫీసు. కొండకొచ్చే యాత్రికుల కోసం వెబ్‌సైటు నడిపేవాళ్ళం. యాడ దిగల్ల, యాడ తినల్ల, తిరిగి పొయ్యేటప్పుడు దారిలో ఏం కొనుక్కోవల్ల, అన్నీ అందులో ఉండేవి. చివరి పేజీలో బయటోళ్ళ సైట్లకు లింకులు. పలమనేరు పాలకోవా అంగడి, చిత్తూరు టిఫిన్ల హోటలు, అట్లాంటివి. ఒకదినం మా సార్ వచ్చి, "ఎవురి లింకు ఎంతమంది నొక్కుతాండారో లెక్క తియ్యప్పా. నెలాఖరుకు తక్కువ క్లిక్కులు ఉండేవాళ్ళను పీకేద్దాం" అన్నాడు. పీకేద్దామంట! మనుషులనుకున్నాడా, కలుపు మొక్కలనుకున్నాడా?

సరే, లింకు నొక్కితే ముందు మా లెక్కలో ఒకటి పడి, తర్వాతనే ఆ సైటు తెరుచుకునేట్టు రాసినాను. మూడు దినాలు తిరక్కముందే సార్ బామ్మర్ది స్వీట్ల అంగడికి క్లిక్కులు కుప్పలు తెప్పలుగా పడినాయి. ఏందిరా నాయనా అని చూస్తే, అన్నీ ఒకే ఫోన్లోంచి. ఆ మహానుభావుడు అంగట్లో కూర్చోని తన లింకు తానే నొక్కుకుంటాండాడు! నాకు తిక్క లేసింది. ఒక ఫోన్లోంచి ఎన్నిసార్లు నొక్కినా నెలకు ఒక్కటే లెక్క అని మార్చిపారేసినాను. బామ్మర్ది లెక్క ఢామ్మని కింద పడింది. ఆ పూట నాకన్నా న్యాయమైనోడు జిల్లాలోనే లేడనుకున్నాను.

ఆ లింకుల్లో బంగారుపాళ్యం అక్కది ఒకటి. సొంత అక్క కాదు, మా అమ్మ పుట్టింటి ఊరామె. హైవే పక్కన మామిడితోట, ఒంటిచేత్తో చూసుకుంటాది. కాయలు టోకున కొనే మండీవాళ్ళు ఏటా కాయకు వంకలు పెట్టి ఏడిపిస్తాండారని ఈ ఏడు మండీకి తోలనే లేదు. బేనీషా మామిడికాయల్ని వరిగడ్డిలో మాగేసి తోట గేటుకాడనే అమ్మడం మొదలుపెట్టింది. ఆమె సైటు చేసిచ్చింది నేనే. "మీ పేజీని నమ్ముకోని మండీ వదులుకున్న్యా. సూడప్పా మల్ల" అని ముందే చెప్పింది. మాగిన పండు ఎన్ని దినాలు ఆగుతాది? అమ్ముడుపోకపోతే కుళ్ళిపొయ్యేదే.

నెలాఖరుకు అక్క లెక్క పదకొండు.

"పీకెయ్" అన్నాడు సార్.

"తోటకాడ బండ్లు ఆగుతాండాయో లేదో ఒకసారి కనుక్కుందాం సార్."

"కనుక్కునేదేముందప్పా? లెక్క ఉండాది కదా. అదీ నువ్వు రాసిందే."

"మరి మీ బామ్మర్దిది ఎనిమిదే కదా సార్?"

"వాడు మనోడు లేప్పా."

ఆహా, ఏం న్యాయం! గొంతు పొయ్యేదాకా అరిచినాను. అరిచి ఏం లాభం? ఆఖరికి ఆ లింకు పీకింది నా చేతులే.

ఆ ఆదివారం బంగారుపాళ్యం బస్సెక్కినాను, సంగతి నా నోటితోనే చెబుదామని. షెడ్డులో పండ్లు పసుప్పచ్చగా కుప్పలు పడుండాయి. గేటుకాడ ఒక్క బండీ లేదు. నన్ను చూడంగానే అక్క, "ఏందప్పా ఇది, నాలుగు దినాలాయ, ఒక్కరూ దిగలేదు. మొన్నటిదాకా కార్లు నిలిపేదానికి చోటుండేది కాదు" అనింది.

అంతలో ఒక బెంగుళూరు టాక్సీ వచ్చి ఆగింది. లోపల గుండ్లు చేయించుకున్న యాత్రికులు. డ్రైవరొక్కడే దిగినాడు.

"అక్కా, యాత్రికుల సైట్లో మీ లింకు యాడికి పాయ? వీళ్ళు దిగమంటే దిగటం లేదు. మా నోటితో చెప్తే కమిషన్ కోసం ఆపినామంటారు కదా. అందుకే ఫోన్లో ఆ యాత్రికుల సైటు తెరిచి, మీ లింకు నొక్కి, వెనక సీటుకు అందిస్తాం. అందులో ఉండాదంటేనే నమ్మేది. మా స్టాండులో నేనూ ఇంకో పదిమందీ, ట్రిప్పు ట్రిప్పుకూ ఇదే కదా చేసేది!"

కారులోంచి ఎవురో హారన్ కొట్టినారు. అతను చేతులు ఊపి వెళ్ళిపోయినాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండు ఫోన్లు. నెలంతా ఆ డ్రైవర్లు ఎంతమందిని తెచ్చి దించినా, నా నియమం ఒక్కో ఫోనుకు ఒకటే లెక్క వేసింది. సార్ బామ్మర్ది దొంగాట ఆపబోయి అక్క గొంతు కోసినాను.

ఎవుర్నీ అడక్కుండా ఆడనే నా ఫోన్లోంచి లింకు మళ్ళీ పెట్టేసినాను. "ఇంక వస్తారులే అక్కా" అన్నాను. లింకు పీకింది నేనేనని మాత్రం చెప్పలేదు. "మిషను మొరాయించిందేమోలే" అనింది ఆమె. మెత్తబడిపోయిన పండ్లు ఏరి ఆవుల ముందర పోసింది. గంపలూ గంపలూ పోసింది. తర్వాత మంచివి చూసి ఒక గంప నా చేతికిచ్చింది.

"మీ సార్‌కియ్యప్పా. ఆయన పుణ్యాన ఈ ఏడు మండీ గడప తొక్కలేదు."

సోమవారం ఆ గంప సార్ బల్లమీద పెట్టినాను. ఒక పండు తీసి వాసన చూసి, "యాడివప్పా ఇవి? ఇట్లాంటి తోటలు కదా మన పేజీలో ఉండల్ల!" అన్నాడు.

"మీరు పీకించిన తోటే సార్!" అని గది అదిరేటట్టు అరిచినాను.

సార్ పండు కొయ్యను కత్తి కోసం సొరుగు వెతుకుతా, "పీకించింది నేనే. పీకిందెవురు?" అన్నాడు.

అక్క మాత్రం మిషనే మొరాయించిందని ఇప్పటికీ అనుకుంటాంది.