ఇంజన్లకు గడువు పెట్టే మామయ్య

మా మామయ్య ఏ ఇంజన్నీ బాగుందని ఒప్పుకోడు. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన కారు ఆయన షెడ్డులోకి వచ్చిందంటే, బానెట్ లేవకముందే దానికి గడువు పెట్టేస్తాడు. "మూడు నెలలు. ఆశలు పెట్టుకోకండి." నా కారుకు పదకొండేళ్ళ కిందట పెట్టిన మూడు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

షెడ్డు ఆయన మొహానికి తగ్గట్టే ఉంటుంది. రెండు కార్లు ఇరుకుగా పట్టే చోటు, రేకుల కప్పు, పట్టపగలు కూడా వెలగాల్సిన ట్యూబులైటు, వాన పడితే కారే చోటల్లా ఒక డబ్బా. అక్కడ నిలబడి డిప్‌స్టిక్ లాగుతాడు. నూనె చుక్కను తెల్ల కాగితం మీద వేసి అది పాకే తీరు చూస్తాడు. వేళ్ళ మధ్య రుద్దుతాడు, వాసన చూస్తాడు, నూనె పోసే మూత తిప్పి అడుగున జిగట పేరుకుందేమో గోటితో గీకుతాడు. తర్వాత నిట్టూర్చి, కారు యజమానికి స్టూలు జరుపుతాడు. కూర్చుని వినాల్సిన కబురన్నమాట.

ఒకసారి ఒక హెడ్మాస్టారు ఆ స్టూలు మీద కూర్చుని అడిగాడు: "నూనె నల్లగా ఉందా?"

"ఉంది."

"అంటే చెడ్డదా?"

"డీజిల్ బండికి మామూలే."

"మరి ఆ మొహం ఏమిటండీ?"

"మామూలే అన్నది ఇవాళ్టి సంగతి."

హెడ్మాస్టారు హడలిపోయి, అప్పటినుంచి ఐదు వేల కిలోమీటర్లకోసారి నూనె, ఫిల్టరు మార్పిస్తూ వచ్చాడు. ఆ కారు మూడున్నర లక్షలు తిరిగింది. మామయ్య పొంగిపోలేదు. "కాస్త ఆలస్యమవుతోంది, అంతే" అన్నాడు.

ఇలాంటి మనిషి వెనక ఏదో పాత విషాదం ఉండి తీరాలని నాలాంటి చదువుకున్నవాళ్ళకు ఒక మూఢనమ్మకం. అత్తయ్యను అడిగాను.

"విషాదమా, పాడా! పెళ్ళి ఫొటో చేతికి రాగానే, ఇది పదేళ్ళలో వెలిసిపోతుంది అన్నాడు. పుట్టుకే అంత."

"వెలిసిందా మరి?"

"ఎక్కడ వెలుస్తుందిరా? ఎండ తగలకుండా బీరువాలో దాచి, నెలకోసారి తీసి తుడుస్తుంటేనూ!"

ఒక ముసురు రోజున, మా వీధిలో అందరం అక్క అని పిలిచే టాక్సీ ఆవిడ వచ్చింది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఆ రోజు మాత్రం గొంతు పలచగా ఉంది. వారానికి మూడు రోజులు నలుగురు కిడ్నీ రోగులను డయాలిసిస్‌కు తీసుకెళ్ళి తీసుకురావడం ఆమె పని. ఇల్లు గడిచేది దానిమీదే. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన మేనేజరు, నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన కార్లకు ఇంజన్ బాగున్నట్టు కాగితం కావాలన్నాడట. శనివారంలోగా ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి. తక్కిన మెకానిక్కులు రాసిచ్చే కాగితాల మీద నమ్మకం లేక, సంతకం మాత్రం మామయ్యదే కావాలట. ఆయన ఎవరికీ పెట్టడని విన్నాడట!

"బాబాయ్, బాగుందని ఒక్క ముక్క రాసివ్వు."

"బాగుంటే కదా."

"ఇంకా బానెట్టే ఎత్తలేదు!"

"నాలుగు లక్షల పదివేలు, అమ్మాయ్. ఎత్తి చూడాలా?"

"నీ నోట మంచిమాట రాదని తెలుసు. చూడనైనా చూడు బాబాయ్. నలుగురు నామీద ఆధారపడ్డారు."

మామయ్య బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరుకూ మీటరు బిగించి, ఒత్తిడి ఎంత పుడుతోందో చూశాడు. నాలుగింటిలో మూడు సమానంగా ఉన్నాయి. మూడో నంబరుది ఒక్కటే తక్కువ చూపించింది. ఆయన మొహం తేటపడింది.

"చెప్పానా!"

అక్క స్టూలు మీద కూలబడింది. మామయ్య ఆ సిలిండరులో చెంచాడు నూనె వేసి మళ్ళీ చూశాడు. ఒత్తిడి పెరిగితే లోపలి రింగులు అరిగినట్టు, ఇంజన్ మొత్తం విప్పాలి. పెరగకపోతే గొడవ పైనున్న వాల్వుది. ముల్లు కదల్లేదు.

"వాల్వే" అన్నాడు దిగులుగా.

"అయితే మంచిదేగా మామయ్యా! ఏడుపు మొహం దేనికి?"

"నీకేం తెలుసురా? తప్పు ఒంటరిగా ఉండదు. రెండోది ఎక్కడో నక్కి ఉంటుంది."

ఆ రెండోదాని కోసం ఇంజన్ పైభాగం ఊడదీశాడు. వాల్వు నూరి సరిగ్గా కూర్చోబెట్టాడు. టార్చి పట్టుకుని ఒక్కో సిలిండరులోకి అరగంట చొప్పున తొంగిచూశాడు. గోడల మీద తయారైన నాడు గీసిన సన్నటి అడ్డగీతలు ఇంకా చెరిగిపోలేదు. అవి కనిపిస్తున్నాయంటే లోపల అరుగుదల లేనట్టే.

"గీతలున్నాయి" అన్నాడు, ఎవరో పోయారని చెప్పినట్టు.

"ఉండవూ?" అంది అక్క. "పోతుంది పోతుందని నువ్వు ఏడిపించినప్పుడల్లా నూనె మార్పించానుగా!"

శనివారం పొద్దున అన్నీ బిగించాక ఆసుపత్రివాళ్ళ కాగితం ముందు పెట్టుకున్నాడు. 'బాగుంది', 'బాగాలేదు' అని రెండు గళ్ళు. కలం పట్టుకుని పావుగంట కూర్చున్నాడు. రేకుల మీద వాన. డబ్బాలు నిండుతున్నాయి.

"మొదటి గడిలో టిక్కు పెట్టు మామయ్యా."

"అబద్ధం రాయలేనురా."

"నీ కళ్ళతో చూశావు కదా!"

"చూసింది నిన్నటిది. వాళ్ళు ఎక్కేది రేపు."

అక్క రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మామయ్య ఆమె వైపు చూశాడు. రెండు గళ్ళూ కొట్టేశాడు. కింద వంకర అక్షరాలతో ఏదో రాసి, మడిచి చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

అక్కకు విప్పి చూసే ధైర్యం లేకపోయింది. ఆమెతో ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. మేనేజరు పైకే చదివాడు: "నాలుగు సిలిండర్లూ చూశాను. వాల్వు ఒకటి బాగుచేశాను. ఇంకో తప్పు కోసం వెతికాను, దొరకలేదు. అయినా ఇది ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఆ రోజు నా కారు వేసుకుని నేనే వచ్చి, ఆ నలుగురినీ వేళకు చేరుస్తాను." కింద సంతకం, ఫోను నంబరు.

"ఇది మెచ్చుకోలా, తిట్టా?"

"ఆయన దగ్గర ఇంతకన్నా మెచ్చుకోలు దొరకదండీ" అంది అక్క.

మేనేజరు ఇంకోసారి చదివాడు. "బాగుందని రాసిన కాగితాలు ఇరవై వచ్చాయి. ఆగిపోతే నేనొస్తానన్నవాడు ఇతనొక్కడే" అని ముద్ర వేశాడు.

ఇది జరిగి రెండేళ్ళు. వారంలో డయాలిసిస్ ఉండే ఆ మూడు రోజుల్లో మామయ్య కారును ముట్టుకునే హక్కు అత్తయ్యకు కూడా లేదు. ట్యాంకు నిండా పెట్రోలుతో, మూతి రోడ్డు వైపు తిప్పి షెడ్డు ముందు నిలబెట్టి ఉంటుంది. పొద్దున్న ఏడింటికి, నలుగురూ కారెక్కే వేళకు, అక్క ఫోను మోగుతుంది. ఆమె స్పీకరు నొక్కి పైకి పట్టుకుంటుంది.

"ఆగిందా?"

"లేదూ!" అంటారు కారులోంచి నలుగురూ ఒక్క గొంతుతో.

"ఆగుతుంది" అంటాడు మామయ్య. "కంగారుపడకండి, నేనిక్కడే ఉన్నాను."