గోడ వార పెళ్లలు

డెయిరీ ఫారంలో మేత సూపర్‌వైజరంటే పెద్ద ఉద్యోగమనుకుంటారు. పాలు తగ్గితే మేతదే తప్పు, ఆవులు పారుకుంటే మేతదే తప్పు, పనివాడు డుమ్మా కొడితే సూపర్‌వైజర్‌దే తప్పు. అతను ఆ తిట్లన్నీ దులిపేసుకుని తిరిగేవాడు. దులుపుకోలేనిది ఒక్కటే: తన కింద పనిచేసేవాళ్లలో సొంత మేనమామ ఉండటం.

చదువు మానేసి గాలికి తిరుగుతున్నవాణ్ణి చెవి పట్టుకుని ఫారానికి లాక్కొచ్చింది ఆ మామే. పార పట్టడం నేర్పిందీ ఆయనే. తర్వాత మేనల్లుడు సూపర్‌వైజరయ్యాడు, మామ పాతర దగ్గరే ఉండిపోయాడు. "డ్యూటీలో వాడు నాకు ఆఫీసరు. డ్యూటీ దిగాక వాడి చెవి నాది" అని అందరికీ చెప్పుకునేవాడు.

పాతరంటే పచ్చి మొక్కజొన్నను ముక్కలు కొట్టి, గోడల మధ్య తొక్కి, గాలి దూరకుండా పట్టా కప్పిన గుట్ట. ముందు నుంచి రోజూ కొంత కోసుకుంటూ పోవాలి. ఎక్కడైనా గాలి దూరితే ఆ చోటు పాడవుతుంది, అది కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. మామ పిడికెడు తీసి వాసన చూసి "పోనియ్" అంటేనే లోడర్ కదిలేది. అందుకే ఫారమంతా ఆయన్ని ముక్కాయన అనేది.

ఒక జ్వరం తర్వాత ఆ ముక్కు చచ్చిపోయింది. అనుమానమొచ్చిన మేనల్లుడు కావాలనే ముక్కిపోయిన పిడికెడు అందించాడు. మామ కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి, "కమ్మగా ఉందిరా" అన్నాడు.

పైకి అంటే మామ పని పోతుంది. పనితోపాటు క్వార్టర్స్‌లో గదీ పోతుంది. పెళ్లాంబిడ్డలు లేని మనిషికి ఆ గది తప్ప ఇల్లు లేదు. పైగా, ముక్కాయన్ని ఇక ఏమని పిలుస్తారు?

అందుకని రోజూ మామకన్నా ముందే వచ్చి తనే వాసన చూడటం మొదలుపెట్టాడు. పాడైన పెళ్లలు పెకలించి ఎడమ గోడ వారకు విసిరేసి, ఏమీ ఎరగనట్టు పనివాళ్ల హాజరుకు వెళ్లిపోయేవాడు. మామ వచ్చి తన తంతు కానిచ్చి "పోనియ్" అనేవాడు. ఏడాదిపాటు బండి అలాగే నడిచింది.

ఒకరోజు కూతురికి ఫిట్స్ వచ్చి అతను ఆస్పత్రిలో ఉండిపోయాడు. మామకు ఫోన్ చేద్దామనుకున్నాడు. చేసి ఏమని చెప్పాలి? తను రాలేదని మామకు తెలిసేసరికే మేత తొట్లలో పడిపోయింది.

ఆ రోజు ముక్కిపోయిన మేత వెళ్లింది చూడి ఆవుల షెడ్డుకు. కొన్నాళ్లకే వరసగా కడుపులు పోయాయి. తడి ఆరని దూడలను తోపుడు బండిలో వేసి తీసుకెళుతుంటే, పాల షెడ్డువాళ్లు బకెట్లు కింద పెట్టి దారి ఇచ్చారు.

పశువుల డాక్టరు మేతేనని తేల్చాడు. ఓనరు అందర్నీ పాతర దగ్గరికి పిలిచి, ఆ రోజు చూసిందెవరని అడిగాడు. మేనల్లుడు నోరు తెరిచాడు. మామకు వాసన తెలియదని తనకు ముందునుంచే తెలుసని చెప్పాలి. చెబితే ఇద్దరూ రోడ్డున పడతారు. పాప ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మామ అతని వంక చూసి, ముందుకొచ్చాడు.

"నేనేనండీ. జలుబు చేసింది, చెప్పకుండా పని కానిచ్చేశాను. మావాడికేం తెలీదు."

సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు.

గదిలో ఉన్నదల్లా ఒక ట్రంకుపెట్టె, కుక్కరు, రెండు దుప్పట్లు. మేనల్లుడు దుప్పటి మడతపెట్టబోయి, కుదరక మళ్లీ విప్పి, చివరికి కక్కేశాడు. ఏడాదిగా తనే ముందొచ్చి చూస్తున్నానన్నాడు.

"తెలుసురా" అన్నాడు మామ.

అతని చేతులు ఆగిపోయాయి.

"గోడ వార పెళ్లలుంటే అల్లుడు ఏరేశాడనుకునేవాణ్ణి. లేకపోతే ఏరడానికేం లేదనుకునేవాణ్ణి. ఆ రోజూ గోడ వార శుభ్రంగానే ఉంది." మామ కుక్కరు మూత బిగించాడు. "నువ్వు రాలేదేమోనని తట్టనే లేదు. నువ్వు రాకుండా ఎప్పుడున్నావు గనక?"

"ఒక్క మాట అని ఉంటే పోయేదిగా మామా."

"నువ్వన్నావా?" మామ నవ్వబోయాడు, కుదర్లేదు. "మా అల్లుడు నా పరువు కాపాడుతున్నాడని రోజూ లోలోపల మురిసిపోయేవాణ్ణిరా. నోరు విప్పితే ఆ ముచ్చట కాస్తా పోతుందనిపించేది."

ఇంటికి రమ్మందామంటే అతని ఇల్లూ ఫారం గేటు లోపలే. ఆటోలో పెట్టె పెట్టాక మామ అలవాటుగా అతని చెవి వైపు చెయ్యి చాపాడు, కానీ పట్టుకోలేదు. కాలరు సర్ది ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే, తెలిసినవాళ్లున్నార్లే అన్నాడు. మామకు తెలిసినవాళ్లంతా ఈ ఫారంలోనే ఉన్నారు.

మర్నాడు అతను పాతర దగ్గరికెళ్లి వాసన చూశాడు. ఒకచోట ముక్కిన వాసన తగిలింది. ఇక దాచాల్సిన పని లేదు, చెత్త ట్రాలీ పక్కనే ఉంది. అయినా పెళ్ల తర్వాత పెళ్ల పెకలించి, మామ నిలబడే చోటి నుంచి కనిపించేలా ఎడమ గోడ వారకే విసిరాడు.

లోడర్ డ్రైవరు ఇంజను ఆన్ చేసి, మామ అనే ఆ "పోనియ్" కోసం అతని వైపే చూస్తున్నాడు. అతను వెళ్లమని చేత్తో సైగ చేశాడు.