ఆదివారం గడప దాటని కెజియా

అది 2009 ఫిబ్రవరి. బంగారు గనులు మూతపడి ఎనిమిదేళ్ళు కావస్తోంది. కె.జి.ఎఫ్.లో, రాబర్ట్‌సన్‌పేట నుంచి లైన్లకు పోయే దారిలో ఉన్న ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో నేను ఒకటో తరగతి టీచరుగా పనిచేస్తున్నాను. లైన్లంటే గని కార్మికుల కోసం వెనకటి రోజుల్లో కట్టిన రేకుల ఇళ్ళ వరసలు. మా పిల్లలు చాలామంది అక్కడినుంచే వచ్చేవారు.

మా తాతగారు గనుల లోపల రాతికప్పును ఆపే దుంగలు సరఫరా చేసిన కాంట్రాక్టరు. నంగలి దగ్గర మామిడి తోటలు, ఊళ్ళో రెండంతస్తుల మేడ ఉండేవి. నా చేతికి వచ్చేసరికి మిగిలింది బెంగళూరు కోర్టులో ఒక దావా, పేరుకు ముందు ఇంటిపేరు. మగవాడు, అందులోనూ ఆ ఇంటివాడు, ఆరేళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించడమేమిటని బంధువులు అడిగారు. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏ రోజూ బడికి వెళ్ళలేదు. పని ఏదైనా తల ఎత్తుకుని చేయాలని మా నాన్నగారు అనేవారు. నేను అలాగే చేశాను.

ఆ నెల మొదట్లో హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచారు.

"పద్నాలుగో తేదీ శనివారం వచ్చింది సార్. పెద్ద బళ్ళలో ఆ రోజు చిన్నపిల్లలతో కార్డులు చేయిస్తాండారు. మనమూ చేద్దాం. గోడమీద మాత్రం ఆ రోజు పేరు రాయొద్దండి. ఎవరైనా గొడవకొస్తే మనం తట్టుకోలేం."

"మరేం రాయమంటారు?"

"ప్రేమ, స్నేహం. అంతే. ఆరేళ్ళ పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పండి."

ఆరేళ్ళ పిల్లల సంగతి సరే, నాకే అది కొత్త పాఠం. మా ఇంట్లో ప్రేమ అన్న మాట పైకి అనగా నేను వినలేదు. అమ్మ వడ్డించేది, నాన్నగారు మాట్లాడకుండా తినేవారు. ఉండవలసినదంతా అందులోనే ఉందని మేము అనుకునేవాళ్ళం. దాని కోసం క్యాలెండరులో ఒక రోజు పెట్టుకుంటే పిల్లలు ఏమంటారో చూడాలని నాకు కుతూహలం కలిగింది.

మా వృత్తిలో సర్కిల్ టైమ్ అని ఒకటుంది. బెంచీలు పక్కకు జరిపి, టీచరుతో సహా అందరూ నేలమీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక బంతి చేతులు మారుతుంది. అది ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే మాట్లాడాలి. బెంచీమీద నోరు విప్పని పిల్లలు కూడా నేలమీద మాట్లాడతారు. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ శనివారానికి ముందు సోమవారం బంతి పట్టుకుని అడిగాను. "ఫ్రెండ్ అంటే ఎవరు? ఏం చేస్తారు?"

"పెన్సిలిస్తాడు సార్."

"కొడతాడు సార్. మళ్ళా వాడే వస్తాడు."

రేష్మా అనే పిల్ల బంతిని గుండెకు హత్తుకుని, "నా ఫ్రెండ్ కెజియా సార్," అని పక్కనున్న పిల్లకు అందించింది.

కెజియా చురుకైన పిల్ల. లెక్కలు బాగా చేసేది. తొమ్మిది అంకెను మాత్రం తిరగేసి రాసేది. బంతి తీసుకుని రేష్మా వైపు చూడకుండా, "నేను దాని ఫ్రెండ్ కాదు సార్. నాకు ఫ్రెండ్స్ వద్దు. ఫ్రెండ్సయితే మా నాయన్ని ఎత్తుకొని పోతారు," అంది.

పిల్లలు నవ్వారు. రేష్మా నవ్వలేదు. బంతి ముందుకు పోయింది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ప్రేమ, స్నేహం రెండూ కలిపి చెప్పమని నాకు అప్పగించారు. ఈ పిల్ల లెక్కలో ఆ రెండూ ఒకదానికొకటి శత్రువులు.

సాయంత్రం కెజియాను తీసుకుపోవడానికి ఆమె నాయనమ్మ మార్తమ్మ వచ్చింది. ఆమె ఎదుటే పిల్లను అడిగాను.

"మీ నాయన్ని ఎవరు ఎత్తుకుపోతారమ్మా?"

"బండి ఫ్రెండ్స్ సార్. దినామూ బండిలో పోతాడు కదా, వాళ్ళు. ఆదివారం కూడా వచ్చి పిల్చుకొని పోతారు."

"రేష్మా ఏం చేసింది మరి?"

మార్తమ్మ అందుకుంది. "ఒక ఆదివారం ఈ పాప ఆ రేష్మా వాళ్ళింటికి ఆడుకోను పోయింది సార్. అదే టయానికి దీని నాయన అన్నానికి ఇంటికొచ్చినాడు. తిన్నాడు, కొంచేపు కూచున్నాడు, పాప యాడ అన్నాడు, మళ్ళా ఆ బండోళ్ళతో పనికి పోయినాడు. ఇది వచ్చి సంగతి తెలుసుకొని ఏడ్చి ఏడ్చి జరం తెచ్చుకొనింది. అప్పట్నించీ ఆదివారమైతే గడప దాటదు. వాకిట్లో కూచోనుంటాది."

"నేను ఫ్రెండ్ కాడికి పోయినప్పుడు నాయనొస్తే ఎట్ల సార్?" అంది కెజియా.

గనులు పోయాక మా ఊరి మగవాళ్ళు, ఆడవాళ్ళు వేలమంది చీకటితోనే రైలుబండెక్కి బెంగళూరు పనులకు పోతారు. పిల్లలు లేవకముందే పోయి, పిల్లలు పడుకున్నాక వస్తారు. కెజియా తండ్రి ప్రకాశం వైట్‌ఫీల్డ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ పిల్లకు తండ్రి మెలకువగా దొరికేది ఆదివారమే.

ఆ బుధవారం నాకు కోర్టులో వాయిదా ఉంది. ఎలాగూ ఆ బండికే పోవాలి గనుక, ప్రకాశం ఏ పెట్టెలో ఉంటాడో మార్తమ్మను అడిగి అదే ఎక్కాను. అతను నన్ను చూసి గభాలున లేచి నిలబడ్డాడు. ముగ్గురు కూర్చునే సీటులో అప్పటికే నలుగురున్నారు. వాళ్ళు జరిగి నాకు చోటు చేశారు.

"పర్వాలేదు, నిలబడతాను," అన్నాను.

కిటికీ దగ్గర నెరిసిన మీసాల మనిషి నవ్వాడు. ఆయన పేరు మునిరత్నం, గనిలో పాతికేళ్ళు చేసినవాడు, ఆ గుంపుకు పెద్ద. "బంగారుపేట దాటినాంక నిలబడను కూడా చోటుండదు సార్. మా పక్కన కూచుంటే ఒంటికేమీ అంటుకోదు. ఇస్త్రీ మాత్రం పోతాది."

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. ఇస్త్రీ పోయింది.

నేను కెజియా టీచరునని తెలియగానే ఆ పెట్టెలో నాకు గౌరవం పెరిగింది. "పాపకు ముందు పన్ను ఊడిందంట కదా సార్?" అన్నాడొకడు. "ఇంగొకటి కదలతాండాది," అని ఇంకొకడు సరిదిద్దాడు. "తొమ్మిదిని ఇంగా తిరగేసే రాస్తాందా?" అని మునిరత్నం అడిగాడు. నేను ఆశ్చర్యపోయాను. నా క్లాసులో జరిగేది నాకూ ఆ పిల్లకూ తప్ప తెలియదనుకున్నాను.

"ఈడు దినామూ పాప కత చెప్పకుండా బంగారుపేట దాటనీడు సార్," అన్నాడు మునిరత్నం. "మా పిల్లోళ్ళ కతలు కూడా ఈడు వినాల. అదీ మా ఒప్పందం."

ప్రకాశం సిగ్గుపడ్డాడు. "వాళ్ళమ్మ రాత్రి నాకు చెప్తాది సార్. నేను పొద్దున వీళ్ళకు చెప్తా. పాపను నేను దినామూ చూస్తానే ఉండా. అదే నన్ను చూడదు, నిద్రపోతా ఉంటాది."

ఒక ఇంటి సంగతి నలుగురిలో విప్పడం నాకు అలవాటు లేదు. వైట్‌ఫీల్డ్ రాబోతుండగా అతన్ని తలుపు దగ్గరికి పిలిచి, కెజియా అన్న మాటలు, ఆదివారం వాకిట్లో కాపలా, అన్నీ చెప్పాను. అతను తలుపు కమ్మీ పట్టుకుని చెప్పాడు.

"గనిలో మా నాయనోళ్ళకు గ్యాంగుండేది సార్. ఒకడి ఇల్లు కురిస్తే అందరూ పోయి రేకులేసేవాళ్ళు. మేమూ అట్లే చేస్తాండాం, ఆదివారానికి ఒకరిల్లు. నా ఇంటి రేకులు వాళ్ళే ఏసినారు. వాళ్ళ వంతొచ్చినప్పుడు నేను ఎట్ల పోకుండా ఉండేది? ఈ వారం మునిరత్నమన్న ఇల్లు."

"పిల్లను వెంట తీసుకుపో."

"పాత రేకులు, మేకులు సార్. పనికాడికి పిల్లను తెస్తే, పని తప్పించుకోను తెచ్చినాడంటారు." అతను దిగబోతూ, "మీరే దానికి ఏదైనా చెప్పండి సార్," అన్నాడు.

మరునాడు బడిలో కెజియాకు నీతులేవీ చెప్పకుండా, నేను విన్నది విన్నట్టు చెప్పాను.

"నిన్న మీ నాయన ఫ్రెండ్స్‌తో బండిలో కూర్చున్నానమ్మా. నీకు పన్ను ఊడిందని వాళ్ళకు తెలుసు."

"ఎవరు చెప్పిరి?"

"మీ నాయనే. తొమ్మిది సంగతి కూడా తెలుసు."

"అది కూడానా!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత అనుమానంగా చూసింది. "నవ్వినారా సార్?"

"నవ్వారు."

"ఎట్ల నవ్వినారు? ఎక్కిరించినట్లా, మంచిగానా?"

నేను జ్ఞాపకం చేసుకుని నిజమే చెప్పాను. "మంచిగానే."

"దినామూ నా గురించి మాట్లాడతారా?"

"బంగారుపేట దాకా."

ఆ పూటంతా ఆలోచనలోనే ఉంది. లెక్కలు కూడా తప్పు చేసింది.

శనివారం ఎర్ర కాగితాలతో కార్డులు చేశాం. ఇలాంటి పనికి మా దగ్గర ఒక కట్టుబాటుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు ఒకటి ఇచ్చి తీరాలి, లేకపోతే ఎవరో ఒకరు వట్టి చేతులతో ఇంటికి పోతారు. రెండోది మాత్రం ఎవరికి కావాలంటే వాళ్ళకు. రాయడం రానివాళ్ళు చెబితే నేను రాసిపెట్టేవాణ్ణి. మొదటి కార్డు కెజియా రేష్మా ముందుకు జరిపింది. రెండోది నా దగ్గరికి తెచ్చింది. మీ నాయనకేనా అని అడిగాను.

"కాదు సార్. బండి మామలకు."

ఆదివారం మా నాయన్ని వదిలిపెట్టండి అని రాయమంటుందని ఎదురుచూస్తూ పెన్ను తీశాను.

"నన్ను కూడా పిల్చుకొని పోండి అని రాయండి సార్. నేను పైకెక్కను. కింద కూచోని బోల్టులిస్తా."

రాశాను. రేష్మా మెడ చాచి చూస్తోంది. కెజియా ఒకసారి ఆమె వైపు చూసి, కాస్త గీరగానే, "ఇద్దరం వస్తామని రాయండి," అంది.

సాయంత్రం ఆ కార్డును మునిరత్నానికి అందేట్టు చూడమని మార్తమ్మ చేతికి ఇచ్చాను. ఏమవుతుందో ఇంట్లో కూర్చుని ఊహించుకోవడం నావల్ల కాలేదు. పిలుపు లేకుండా ఒకరింటికి పోవడం మా ఇంట్లో లేదు, లైన్ల లోపలికి పోవడం అసలే లేదు. అయినా ఆదివారం పొద్దెక్కాక మునిరత్నం ఇల్లు అడుగుతూ వెళ్ళాను.

నలుగురు ఇంటి కప్పుమీద ఉన్నారు. గోడ నీడలో, పనికి బాగా దూరంగా, చాపమీద కెజియా, రేష్మా కూర్చున్నారు. మధ్యలో రేకులకు బిగించే బోల్టుల డబ్బా. పైనుంచి అరవగానే ఒకతె ఏరుతోంది, ఇంకొకతె మునిరత్నానికి అందిస్తోంది. ఆయన తాడుకు కట్టి పైకి పంపుతున్నాడు.

"రండి సార్. ఈ గ్యాంగుకు నేనే పెద్దని ఇన్నాళ్ళూ అనుకొంటి," అన్నాడు. "పొద్దున్నించీ ఇద్దరు మేస్త్రీలు నన్ను కూచోనీరు."

"మామా, ఇది తుప్పు పట్టింది. పనికిరాదు," అంది కెజియా.

"చూసినారా?"

కాసేపటికి ప్రకాశం కప్పు దిగి వచ్చాడు. బోల్టులు చాలవట, రాబర్ట్‌సన్‌పేటకు పోయి తేవాలట. కూతురి ముందు వంగి, జాగ్రత్తగా మాటలు ఎంచుకుంటూ, "అమ్మా, నేను పేటకు పోయొస్తా. ఇట్ల పోయి అట్ల వచ్చేస్తా," అన్నాడు.

పెద్ద వాషర్లను చిన్నవాటిలో కలిపేసిందని కెజియా అప్పుడు రేష్మాతో జగడంలో ఉంది. తల ఎత్తకుండానే, "ఊఁ, పో నాయనా," అంది.

ప్రకాశం సందు మొదటిదాకా పోయి వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ నాలుగడుగులు వేసి చూశాడు. చివరికి నన్ను చూసి చేతులు చాచాడు. "కాళ్ళకు చుట్టుకొంటుందనుకొంటి సార్!"

"పోరా సామీ," అన్నాడు మునిరత్నం. "పాపకు పనుండాది."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ బడిలో ఆ రోజు జరిపాను. గోడమీద అవే రెండు మాటలు రాసేవాణ్ణి. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. తోటి పిల్లల్ని దగ్గరికి రానివ్వని పిల్ల కనబడితే, స్నేహం గొప్పదని చెప్పడం మానేశాను. ఆ పిల్ల ఎవరికోసం ఎదురుచూస్తోందో ముందు కనుక్కుంటాను.