నా మెషీన్‌లో పడిపోని ప్రోగ్రాం

ఎవరైనా ఇంటి నుంచే చేయి వేయగల ఒక కంపైలర్ ప్రాజెక్టులో ఆ భాగం నా చేతికి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. రెండు మూడు చిన్న తప్పులు దిద్ది పంపాను, అంతే. అంతవరకు దాన్ని చూసుకుంటున్నాయన వేరే పనిలోకి వెళ్ళిపోతూ, "ఇకమీదట మీరు చూసుకుంటారా?" అని మెయిల్ పెట్టాడు. ఏం చూసుకోవాలో కూడా అడక్కుండా సరేనన్నాను.

మనం రాసిన ప్రోగ్రాంను యంత్రం నడపగలిగేలా మార్చేది కంపైలర్. నడిచేటప్పుడు ఆ ప్రోగ్రాం తనది కాని మెమరీని ముట్టుకుంటే పట్టుకుని చెప్పే లైబ్రరీలు, అంటే సిద్ధంగా రాసిపెట్టిన కోడ్ కట్టలు, కొన్ని దానితోపాటే వస్తాయి. వాటన్నిటికీ అడుగున ఉండే ఉమ్మడి కోడ్ నా వంతు. ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన తెలుగువాళ్ళుండే ఖుర్సీపార్‌లో మా ఇంటి ముందుగదిలో, ఆ ప్లాంటులో పనిచేసి రిటైరైన మా నాన్న పేపరు చదువుకుంటుంటే, పక్కన కూర్చుని ఆ పని చేస్తాను.

ఒకరోజు ఆ కోడ్‌లో, అక్షరాలను కాపీ చేసే చిన్న కోడ్ ముక్కను, అంటే ఫంక్షన్‌ను, ఎవరో సొంతంగా రాసిపెట్టి ఉండటం చూశాను. లోకమంతా వాడే మామూలు ఫంక్షన్ ఉండగా ఇదెందుకు? తీసేసి మామూలుదే పెట్టాను. పరీక్షలన్నిటిలో గట్టెక్కింది. చూసినవాళ్ళూ బాగుందన్నారు.

మర్నాడే దాన్ని వాడేవాళ్ళ నుంచి మూడు ఫిర్యాదులు. ప్రోగ్రాం మొదలవకముందే పడిపోతోందట, అంటే ఠక్కున ఆగిపోతోందట. తప్పు పట్టాల్సిన లైబ్రరీ ఒక్క ముక్కా చెప్పడం లేదట. నా దగ్గర మాత్రం ఎన్నిసార్లు నడిపినా శుభ్రంగా నడుస్తోంది. మార్పు వెనక్కి తీసుకున్నానే గాని, బుర్ర తిరిగిపోయింది.

"ఏటే, అలా గోడకేసి చూస్తన్నావు?" అన్నాడు నాన్న.

"నా మెషీన్లో బాగానే నడుస్తంది నాన్నా. వాళ్ళ దగ్గర పడిపోతంది."

"మరి వాళ్ళ మెషీన్లు పాడేమో."

"ముగ్గురివీనా?"

"అయితే నీదే పాడు," అని పేజీ తిప్పేశాడు.

నవ్వొచ్చింది గాని, వేరే మెషీన్ మీద చూడాలన్న ఆలోచన అప్పుడే తట్టింది. వీధి చివర ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణం నడిపే, వీధిలో అందరూ దీదీ అని పిలిచే అక్క దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉంది. నా మార్పు ఉన్న ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాను.

"వైరస్ గానీ ఎక్కించవు కదా?" అంది ఆవిడ, కుర్చీ ఖాళీ చేస్తూ.

నడిపాను. పడిపోయింది. తప్పు నా కళ్ళముందే జరిగిందన్న ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను.

"పాడైపోతే చప్పట్లేటమ్మా?" దీదీ నన్ను ఎగాదిగా చూసింది.

అక్కడే కూర్చుని ఒక్కొక్క అడుగే వెతికితే దొరికింది. మా లైబ్రరీ మామూలు కాపీ ఫంక్షన్ మీద నిఘా పెడుతుంది. ఎవరు దాన్ని పిలిచినా ఆ పిలుపు ముందు మా లైబ్రరీకే వస్తుంది. నా మార్పుతో లైబ్రరీ కూడా దాన్నే పిలవడం మొదలుపెట్టింది. పిలుపు తిరిగి తన దగ్గరికే వచ్చింది, మళ్ళీ పిలిచింది, మళ్ళీ వచ్చింది, చివరికి ఊపిరాడక పడిపోయింది. ముందెవరో సొంత ఫంక్షన్ ఎందుకు రాసిపెట్టారో అప్పుడు తెలిసింది.

అయితే నా మెషీన్‌లో ఎందుకు పడిపోలేదు? ఇంటికొచ్చి రెండు రోజులు తవ్వాను. తేలలేదు. ప్రాజెక్టులో మరో లైబ్రరీ చూసుకునే ఆవిడను అడిగాను. "లోపలి భాగాలు మొదలయ్యే వరుస మెషీన్‌లోని ప్రాసెసర్‌ను బట్టి మారుతుందేమో. నాకూ కచ్చితంగా తెలియదు," అని జవాబిచ్చింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నావిడకే తెలియదంటే ధైర్యం తెచ్చుకోవాలో దిగులు పడాలో అర్థం కాలేదు.

పాత ఫంక్షన్ పైన, తర్వాత కోడ్ చదివేవాళ్ళ కోసం ఒక వ్యాఖ్య రాసి పంపాను: దీన్ని తీయొద్దు, తీస్తే కొన్ని మెషీన్లలో లైబ్రరీ తనను తానే పిలుచుకుంటుంది, అన్నిటిలో ఎందుకు కాదో నాకు తెలియదు.

కోడ్‌లో "తెలియదు" అని రాయొచ్చా అని ప్రాజెక్టులో ఒకాయన అడిగాడు. అదీ తెలియదన్నాను. అలాగే ఉంచేశారు.