సూర్యుడికి వీపు పెట్టి చేసిన యోగా

ఆ కాలంలో నాకు భయాలు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులు తక్కువ. ఇప్పుడు తిరగబడింది. (కోడలా, నవ్వకుండా నేను చెప్పినట్టే రాయమ్మా.) పుంగనూరులో ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా కొత్తగా చేరిన రోజులవి. ఒక సాయంత్రం వార్డెన్ మేడమ్ వంటింట్లోకి వచ్చి, "రేప్పొద్దున యోగా దినం. మదనపల్లె నుంచి పెద్ద మేడమ్ వస్తాండాది. స్టాఫంతా కూసోవాల, రాకుంటే పని మానుకోండి" అని చెప్పి వెళ్ళింది. నాకు భయమేసింది. పని గురించి కాదు, మా వదిన గురించి. మా ఆయనకు అక్క ఆవిడ, మా చర్చిలో ఆడవాళ్ళకు పెద్ద. "యోగా అంటే సూర్యుడికి మొక్కేదేనే. మొక్కినావంటే ఆదివారం బల్ల దగ్గరికి రావద్దు" అని అప్పటికే తేల్చేసింది. బల్ల అంటే మేము మోకరించి ప్రభువు రొట్టె, ద్రాక్షారసం అందుకునే చోటు. పని పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, అందరి ముందూ బల్ల దగ్గరినుంచి లేపేస్తే ఏ ముఖం పెట్టుకుని తిరిగేది?

మా ఆయన చౌడేపల్లెకు ఆటో తోలేవాడు, దేన్నీ పట్టించుకునే మనిషి కాదు. "సూర్యుడికి మొక్కొద్దంటే వీపు సూపీ మే, అంతే గదా!" అన్నాడు ముద్ద మింగుతూ. ఆయన ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం ఆ మాట దేవుడే పలికించాడనుకున్నాను.

తెల్లారింది. కుప్పం నుంచి వచ్చిన యోగా మాస్టరు తూర్పున వేదిక మీద, మేమంతా ఆయనకు ఎదురుగా. నేను కట్టకడపటి వరసలో చాప పరిచి, గేటు వైపు తిరిగి, సూర్యుడికి వీపు పెట్టి కూర్చున్నాను. నా ముందు ఖాళీ నేల, ఎవరూ చూడరు. ఇంతలో స్నానాలు ఆలస్యమైన చిన్నపిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ ఖాళీ అంతా నిండిపోయారు. వాళ్ళకు వేదిక కనబడదు, కనబడేది నేనే. నేను చేతులెత్తితే ఎత్తారు. కొంగు సర్దుకుంటే చున్నీలు సర్దుకున్నారు. మెడ మీద దోమను చరిస్తే వరసలన్నీ ఒక్కసారిగా చట్‌మన్నాయి. ఊపిరి వదులుతుంటే అలవాటుకొద్దీ నా నోట "స్తోత్రం" అని వచ్చింది. "స్తోత్రం!" అన్నారు పిల్లలంతా, నా కంటే గట్టిగా.

"ఆయమ్మా, దోమను కొట్టేది కూడా యోగానేనా?" అంది ముందు వరస పిల్ల.

"నోరు మూసుకోని ఊపిరి పీల్సు!" అన్నాను.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడమ్ గేటులోంచి వచ్చింది. "ఈ టీచరమ్మ ఎవురు? పిల్లోళ్ళు ఎంత ఒద్దికగా సేస్తాండారో సూడండి!" అని, నేను నడుం వంచుతుండగా ఫొటో తీయించింది. (నన్ను టీచరమ్మ అన్నది పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒక్కతే.) ఆ ఫొటో ఊళ్ళో ఫోన్లన్నీ తిరిగి చివరికి వదిన ఫోన్లో దిగింది.

ఆదివారం ఆరాధనకు ముందే వదిన దాన్ని మా చర్చి పాస్టరు అయ్యగారి ముందు పెట్టింది. "సూడండయ్యా, మా తమ్ముని పెండ్లాము. తాను సేసేది సాలక ఊరందరికీ నేర్పిస్తాండాది."

"సూర్యుడికి మొక్కలేదయ్యా! వీపు పెట్టి, పడమటి తట్టు తిరిగి సేసినా. నోట వచ్చింది కూడా స్తోత్రమే" అన్నాను.

అయ్యగారు ఫొటోను చూసి, నన్ను చూసి, మీసాల్లో నవ్వుకున్నారు. "మరి ఆదివారం ఆదివారం బల్ల దగ్గర మోకరించేది ఏ దిక్కుకమ్మా?" అన్నారు.

బల్ల వైపు చూశాను. దాని వెనక కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా నా కళ్ళలో కొట్టింది. తూర్పే! ఇన్నేళ్ళూ సూర్యుడికి ఎదురుగానే మోకరించానా!

"అయితే ఇన్నాళ్ళూ సూర్యుడికే మొక్కినావా?"

"అయ్యో, ప్రభువుకయ్యా!"

"చాప మీద నోట వచ్చిన స్తోత్రం ఎవరికి?"

"అదీ ఆయనకే."

"యోగా వద్దనే అయ్యగార్లు ఉండారు, నేను వాళ్ళతో కొట్లాడను. నీ మనసు ఎవరి ముందు వంగిందో నాకు తెలిసింది. రామ్మా బల్ల దగ్గరికి" అన్నారు.

వదిన నా పక్కనే మోకరించింది. నేను కళ్ళు మూసుకుని రొట్టె అందుకుంటుంటే చెవిలో గుసగుస: "మే, ఫొటోలో నడుం అట్ల యట్ల వంచితివే? నాకు వంగేకే కాదు!"

ఇప్పుడు మా ఆయన లేడు. పొద్దున్నే మిద్దె మీద చాప వేసుకుంటాను. దిక్కు ఏదైనా ఒకటేనని తెలిసి కూడా సూర్యుడికి వీపు పెట్టే కూర్చుంటాను. ఎండకు వీపు వెచ్చబడుతుంటే, ముద్ద మింగుతూ "సూపీ మే, అంతే గదా!" అన్న గొంతు వెనకనుంచి వినబడుతుంది. నవ్వొచ్చి, పీల్చిన ఊపిరంతా పోతుంది.