గరిటె విసిరేసిన వంటమేస్త్రీ

యుద్ధం సినిమా అంటే రేడియో తాతకు ఒళ్ళు మంట. సైన్యంలో వైర్‌లెస్ పెట్టె వీపున మోసి, ఆ తర్వాత బతుకంతా ఇరుకు కొట్లో రేడియోలు బాగుచేసిన మనిషి. తెరమీద సిపాయి జేబులోంచి బుల్లి వైర్‌లెస్ తీస్తే "అది అప్పటికి పుట్టనేలేదురా!" అని అరుస్తాడు. మంచుకొండ మీద హీరో చొక్కా విప్పితే "చస్తావురా సన్నాసీ" అంటాడు. ఆ నోటికి జడిసే ఇంట్లో ఎవరూ ఆయన్ని సినిమాకు పిలవరు.

అలాంటివాడు ఆ రోజు తనే మ్యాట్నీకి టిక్కెట్లు తెచ్చాడు. తమ దళం కాపలా కాసిన కొండ మీద సినిమా తీశారు. అక్కడే ప్రాణం విడిచిన వంటమేస్త్రీ కూడా అందులో ఉన్నాడట. "ఆయన ఎలా పోయారో చూడాలన్నయ్యా, తీసుకెళ్ళు" అంది ఆ వంటమేస్త్రీ భార్య. ఇన్నేళ్ళూ ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

తెరమీద పట్టపగలు, శత్రువు కళ్ళెదుటే నెగడు రాజేసి సిపాయిలు పాటెత్తుకున్నారు. తాత పళ్ళు నూరాడు. అసలక్కడ పొగ లేస్తే ఫిరంగి పలికేది. అంతలో వంటమేస్త్రీ "ఈ గరిటె బతుకు ఇక చాలు!" అంటూ గరిటె విసిరికొట్టి తుపాకీ అందుకున్నాడు. కనపడ్డవాణ్ణల్లా కాల్చాడు. ఒళ్ళంతా జల్లెడైనా జెండా పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నాడు. హాలంతా ఈలలు. తాత లోలోపలే తిట్టుకున్నాడు. వీళ్ళ మొహాలు మండ! అన్నం పెట్టడం వీళ్ళకు నామోషీ అయిపోయింది.

"ఇలాగే పోయారా అన్నయ్యా?"

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. గొంతులో గర్వం కూడా ఉంది. అవునంటే ఆ గర్వంతోనే ఇంటికి పోతుంది. అవునందామనుకున్నా ఆ ఒక్క అబద్ధం తాత నోట రాలేదు.

"కాదు చెల్లెమ్మా. బావ తుపాకీ ముట్టుకోనేలేదు. మేం పైన ఆకలికి మాడిపోతున్నాం. తెల్లారకుండానే వండి, గుండిగకు తన కంబళి చుట్టి, ఆ చలిలో పాక్కుంటూ మోసుకొచ్చాడు. అందరం తిన్నాం. ఖాళీ గుండిగతో దిగుతుంటే గుండు పడింది."

ఆవిడ తెరవైపు చూసింది. అక్కడి మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"మీ దగ్గరికొచ్చేసరికి వేడిగానే ఉందా?"

"నాలుక కాలింది చెల్లెమ్మా."

"అయితే అది మా ఆయనే" అంటూ ఆవిడ లేచింది. "ఇక పద, పోదాం. వీడెవడో నాకు తెలీదు."