వంటింటి గోడలో చిటపట

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాతో మాట్లాడేది ఒక్క స్విచ్ బోర్డే. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అమ్మ పోయి అప్పటికి ఏడాది. బాపు పాలవ్యాను నడిపేవాడు. తెల్లారకముందే వెళ్తే, ఇళ్లలో దీపాలు పెట్టిన చాలాసేపటికి గానీ మా ఊరు అత్వెల్లి చేరేవాడు కాదు. బడి నుంచి వచ్చి తాళం తీస్తే లోపల చీమ చిటుక్కుమనేది కాదు. ఆ ఇంట్లోకి అడుగు పెట్టాలంటే నాకు ఏడుపొచ్చేది.

వంటింట్లో చీకటికి జడుస్తున్నానని ఒక ఆదివారం బాపే స్టూలెక్కి కొత్త బల్బు బిగించాడు. మా ఊళ్లో చాలా ఇళ్లలాగే మాకూ అల్యూమినియం తీగే ఉండేది. దానికి ఎక్కడో దొరికిన రాగి తీగ ముక్కను చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, బోర్డు వెనక దోపేశాడు. బల్బు వెలిగితే, భయం లేదిక బిడ్డా అని నా తల నిమిరాడు.

వానాకాలం రాగానే ఆ బోర్డు చిటపటమనడం మొదలుపెట్టింది. బల్బు వేస్తే చాలు, గోడ లోపల ఎవరో పేలాలు వేయిస్తున్నట్టు సన్నని చప్పుడు. నేను దాని ముందు పీట వేసుకుని బడి ముచ్చట్లన్నీ చెప్పేదాన్ని. చిటుక్కుమంటే ఔనన్నట్టు, ఊరుకుంటే అలిగినట్టు. ఒకటి రెండుసార్లు కాలిన వాసన వచ్చింది. అయినా బాపుకు చెప్పలేదు. ఒక్కదానివే ఉండలేకపోతే మేనత్త ఇంటికి పంపుతానని ఆయన అప్పటికే రెండుసార్లు అన్నాడు. అమ్మ ఎలాగూ లేదు, బాపు కూడా కంటపడకుండా పోతాడా అని నా భయం. అందుకే నోరు కుట్టేసుకున్నాను.

మా పక్కింటి చాచా కరెంటు పని చేసేవాడు. చాలా ఏళ్లు సముద్రం ఒడ్డున ఓ పట్నంలో ఇళ్లకు వైరింగు చేసి వచ్చాడు. అక్కడ ఇల్లు కట్టేవాళ్లకు గట్టి కాయిదాలు, అంటే నియమాలు, ఉండేవట. అల్యూమినియానికి రాగి తీగను ఉత్త చేత్తో మెలిపెట్టకూడదు, జాయింటుకు గ్రీజు పూయాలి, ఉప్పుగాలి దూరని డబ్బాలో పెట్టి మూయాలి. ఆఫీసరు వచ్చి డబ్బా తెరిచి చూస్తే గానీ కరెంటు ఇచ్చేవారు కాదట. మా ఊరికొచ్చాక కూడా చాచా అవే కాయిదాలు పాటించేవాడు. సముద్రం లేని ఊళ్లో, శామీర్‌పేట చెరువుకు ఇంత జడుపెందుకని జనం ఆటపట్టించేవారు. ఆయన నవ్వి తన గ్రీజు డబ్బా తాను తీసుకునేవాడు.

ఒక వాన సాయంత్రం చాచీ పంపిన ఖీరు గిన్నె తీసుకుని చాచా మా వంటింట్లోకి వచ్చాడు. బోర్డు చిటపట విని ఆగిపోయాడు. వేడి చూడటానికి చెయ్యి తిప్పి, చేతి వెనకవైపును బోర్డుకు ఆనించాడు. మరుక్షణం పరుగున వెళ్లి మెయిన్ తీసేశాడు. నన్ను టార్చి పట్టుకోమని బోర్డు విప్పితే, చెక్క వెనకంతా బొగ్గయి ఉంది. బాపు పెట్టిన మెలిక దగ్గర తెల్లటి పొడి. ఆ గోడ వానకు తడిసి ఏటా ఉప్పు పూసేది. చాచా గోడ మీది పొడి గోటితో గీకి నా నాలుక మీద పెట్టాడు. ఉప్పగా తగిలింది.

"సముద్రం మీ ఇంట్లకే వచ్చింది సూడు బేటీ," అన్నాడు.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. మేనత్త ఇంటి సంగతీ, బోర్డుతో నేను చెప్పుకునే ముచ్చట్లూ అన్నీ కక్కేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

"అది మాట్లాడుడు కాదు బేటీ, కాలుడు. సప్పుడు గావాల్నంటే మా ఇంటికి రా. మా ఇంట్ల ఎప్పుడు లొల్లే."

ఆ రాత్రి బాపుకు తీగలో తప్పు చెప్పాడు గానీ, నేను దాచిన సంగతి చెప్పలేదు. మర్నాడు కొత్త జాయింటు వేసి, డబ్బాలో మూసి, నాకో పని అప్పగించాడు. సముద్రం ఒడ్డు కాయిదా ప్రకారం రోజూ సాయంత్రం చేతి వెనకవైపుతో బోర్డు తాకి చూడాలి, చల్లగా ఉందో వెచ్చగా ఉందో వెంటనే వచ్చి ఆయనకు రిపోర్టు ఇవ్వాలి. నేను బడి నుంచి రావడం, బోర్డు తాకడం, చాచా ఇంటికి పరిగెత్తడం. ఆయన పెద్ద ఆఫీసరులా తలూపేవాడు. చాచీ రొట్టె పెట్టేది. బాపు వచ్చేదాకా వాళ్ల పిల్లల గోలలోనే నా చదువు. మేనత్త ఇంటి మాట బాపు మళ్లీ ఎత్తలేదు.

పెద్దయ్యాక ఒక వైరింగు మేస్త్రీని ఊరికే అడిగాను. రోజూ తాకి చూడాలన్న కాయిదా ఏ ఒడ్డునా లేదని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు మచ్చ బొల్లారంలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. ఉద్యోగం అయిపోయింది, తోడున్న మనిషీ పోయాడు. గోడల్లో అంతా రాగి తీగే, ఒక్క బోర్డూ చిటుక్కుమనదు. అయినా పొద్దుగూకే వేళకు చెయ్యి తిప్పి, చేతి వెనకవైపు బోర్డుకు ఆనిస్తాను. ఒక్కనాడూ వెచ్చగా తగలలేదు. ఆ తర్వాత కాళ్లు వాటంతట అవే గడపదాకా పోతాయి. ఆ పక్కిల్లు లేదు, రిపోర్టు తీసుకునే మనిషీ లేడు. గడప దగ్గర నిలబడి, వినేవాళ్లు లేరని తెలిసీ, పైకే చెబుతాను.

"సల్లగుంది చాచా."